కాఖేతి ద్రాక్షతోటలు, మట్టి బానల వైన్, చాచా: జార్జియా ప్రయాణానికి సలహాలు కావాలి

కృష్ణాతీరం (విజయవాడ)

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయి జార్జియా రాజధాని తిబిలిసిలో వైద్యవిద్య చదువుతోంది. సెప్టెంబరు చివరి వారంలో నేనూ మా శ్రీమతీ అక్కడికి వెళ్లి పది రోజులు ఉండబోతున్నాం. అమ్మాయికి తరగతులున్న రోజుల్లో మేమిద్దరం కాఖేతి ప్రాంతానికి వెళ్లి ద్రాక్షతోటలు చూడాలని నా కోరిక. ముప్పై ఏళ్లు కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి కనుక, పిండి పులిసినా పండ్లరసం పులిసినా ఆ మార్పును దగ్గర నుంచి చూడాలన్న ఆసక్తి నాకు మొదటి నుంచీ ఉంది. రెండేళ్ల కిందట నాసిక్ వెళ్లి మూడు రోజులు అక్కడి తోటల్లో తిరిగాను. అక్కడ నేను రుచి చూసిన షెనిన్ బ్లాంక్, షిరాజ్ రెండూ ఫ్రాన్సు నుంచి వచ్చిన రకాలే. జార్జియాలో ఆ నేలకే చెందిన రకాలు 500కు పైగా ఉన్నాయనీ, భూమిలో పాతిన మట్టి బానల్లో వైన్ పులియబెడతారనీ చదివినప్పటి నుంచి ఈ ప్రయాణం కోసం ఎదురుచూస్తున్నాను.

అన్ని రకాల్లో వేటితో మొదలుపెడితే తేడా బాగా తెలుస్తుంది? పెద్ద కర్మాగారాలు చూడడం మేలా, పల్లె ఇళ్లకు వెళ్లడం మేలా? చాచా అని వాళ్లు కాచే సారా సంగతేమిటి? మా శ్రీమతి మద్యం ముట్టదు, మాంసం తినదు. ఆమెకు కూడా ఈ ప్రయాణం సంతోషంగా గడవాలని నా ఆశ. అనుభవమున్నవారు వివరంగా చెప్పగలరు.

కాకసస్ బాటసారి (తిబిలిసి)

కృష్ణాతీరం గారూ, మీరు ఎంచుకున్న సమయం కన్నా మంచి సమయం లేదు. ద్రాక్షకోతను ఇక్కడ ర్త్వేలి అంటారు. కాఖేతిలో అది సెప్టెంబరులో మొదలై అక్టోబరు నడిమి దాకా సాగుతుంది. మీరు వచ్చేసరికి ప్రతి ఊరి దారిలోనూ ద్రాక్షగుత్తులు నింపుకున్న బండ్లు కనిపిస్తాయి, ఊరంతా పులుస్తున్న రసం వాసన ఉంటుంది. నేను ఉద్యోగరీత్యా ఆరేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. ఏడాదిలో మిగతా పండుగలు తప్పినా ర్త్వేలికి మాత్రం తప్పకుండా ఏదో ఒక పల్లెకు వెళ్తాను.

ముందు నేల సంగతి చెబుతాను. తిబిలిసికి తూర్పున, పెద్ద కాకసస్ పర్వతాలకూ గొంబోరి కొండలకూ మధ్య అలజని నది లోయ పరుచుకుని ఉంది. దేశంలోని ద్రాక్షతోటల్లో అధికభాగం ఈ లోయలోనూ దాని చుట్టుపక్కలా ఉన్నాయి. ఉత్తరాన మంచుకొండలు చలిగాలిని అడ్డుకుంటాయి, వాటి నుంచి దిగే వాగులు ఒండ్రునూ గులకరాళ్లనూ తెచ్చి లోయలో పరుస్తాయి. గొంబోరి కనుమ మీదుగా తెలావి పట్టణం సుమారు రెండు గంటల ప్రయాణం. అక్కడ మూడు రాత్రులు బస చేస్తే తొందర లేకుండా అన్నీ చూడవచ్చు. సిగ్నాగి పట్టణం కొండ మీద ఉండి చూడడానికి ముచ్చటగా ఉంటుంది గానీ, యాత్రికుల రద్దీ ఎక్కువ కనుక ఒక్క పూట చాలు.

రకాల విషయంలో నా సలహా ఒక్కటే. ఎక్కువ రకాలు రుచి చూడాలని తొందరపడకండి, మొదటి రోజు ఒకే ద్రాక్షను రెండు విధాలుగా చేసిన వైన్‌ను పక్కపక్కన పెట్టుకుని తాగి చూడండి. ర్కాత్సితేలి ఇక్కడ అత్యధికంగా పండే తెల్ల ద్రాక్ష. దాని పేరుకు ఎర్రని కొమ్మ అని అర్థం, తోటలో లేత కొమ్మను చూస్తే ఆ పేరెందుకు వచ్చిందో తెలుస్తుంది. దీని రసాన్ని మాత్రమే తీసి, తొక్కలను వేరుచేసి, ఉక్కు తొట్టెలో చల్లగా పులియబెడితే లేత గడ్డి రంగులో, పులుపుతో, తేలికగా ఉండే వైన్ వస్తుంది. అదే ద్రాక్షను తొక్క, గింజ, కాడ సహా తొక్కి, క్వెవ్రి అనే బానలో పోసి ఐదారు నెలలు ఉంచితే ముదురు తేనె రంగు వస్తుంది. నోట్లో పోసుకుంటే ఎండు ఆప్రికాట్, అక్రోటు కాయ, చిక్కటి టీ డికాషన్ గుర్తుకు వస్తాయి, చివర పచ్చి జామకాయ కొరికినంత వగరు మిగులుతుంది. మొదటిసారి తాగినప్పుడు ఇది పాడైపోయిందేమో అని నేను పక్కన పెట్టేశాను. ఆ వగరు దోషం కాదనీ, తెల్ల ద్రాక్షకు తొక్కా కాడా ఇచ్చే బలమనీ అర్థం కావడానికి నాకు ఒక ఏడాది పట్టింది.

ఎర్ర ద్రాక్షల్లో సపెరవి తప్పనిసరి. ఆ మాటకు రంగు వేసేది అని అర్థం. చాలా ఎర్ర ద్రాక్షలకు రంగు తొక్కలోనే ఉంటుంది, లోపలి గుజ్జు తెల్లగానే ఉంటుంది. సపెరవికి గుజ్జు కూడా ఎరుపే. ఒక్క పండు చిదిమితే వేళ్లూ నాలుకా నేరేడు పళ్లు తిన్నట్టు అవుతాయి. పులుపు గట్టిగా ఉంటుంది కనుక ఈ వైన్ ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఈ రెండూ మీకు పట్టుబడ్డాక కిసి, ఖిఖ్వి, కాఖేతి మ్‌త్స్వానే చూడండి. సోవియట్ కాలంలో దాదాపు కనుమరుగై ఇప్పుడు మళ్లీ నాటుతున్న కిసి అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం, అందులో పండిన బేరిపండు సువాసన ఉంటుంది.

గాజుపాత్ర (దుబాయ్)

బాటసారి గారు చక్కగా వివరించారు. నేను పన్నెండేళ్లుగా హోటళ్లలో వైన్ విభాగంలో పనిచేస్తున్నాను, వృత్తిరీత్యా రెండుసార్లు జార్జియా వెళ్లాను. ఆయనతో ఒక విషయంలో విభేదించక తప్పదు. క్వెవ్రి గురించి చదివి వచ్చే యాత్రికులు జార్జియా వైన్ అంతా మట్టి బానల్లోనే తయారవుతుందని అనుకుంటారు. నిజానికి బానల్లో తయారయ్యేది మొత్తంలో చిన్న భాగమే. మిగిలినదంతా ఫ్రాన్సులోనో నాసిక్‌లోనో చూసిన పద్ధతిలోనే, ఉక్కు తొట్టెల్లోనూ ఓక్ పీపాల్లోనూ తయారవుతుంది. ఎగుమతుల్లో సగానికి పైగా నేటికీ రష్యాకే వెళ్తుంది, అక్కడి వారు కోరేది ఎక్కువగా కొద్దిపాటి తీపి గల ఎర్ర వైన్. కాఖేతిలోని క్వారేలి దగ్గర సపెరవితో చేసే కిండ్జ్‌మరావులి అటువంటిదే. పులియడం పూర్తికాక ముందే బాగా చల్లబరచి ఆపేస్తారు, అప్పుడు ద్రాక్షలోని చక్కెర కొంత అలాగే మిగిలిపోతుంది. దానిలో బయటి చక్కెర కలిపారని కొందరు చిన్నచూపు చూస్తారు, అది సరికాదు.

రెండో మాట. బానలో చేసినంత మాత్రాన వైన్ మంచిదైపోదు. బాన సరిగా కడగకపోతే, మూత సరిగా బిగించకపోతే అది సిర్కా (వెనిగర్) వాసన కొడుతుంది. అటువంటి దానిని సంప్రదాయం అని మెచ్చుకుంటూ తాగనక్కరలేదు. మంచి క్వెవ్రి వైన్‌లో వగరు ఉంటుంది గానీ ముక్కును గుచ్చే ఘాటు ఉండదు. కృష్ణాతీరం గారు రసాయనశాస్త్రం తెలిసినవారు కనుక ఎసిటిక్ ఆమ్లాన్ని ముక్కుతోనే పట్టుకోగలరు.

నేనైతే మొదటి రోజు సినందాలి గ్రామంలో చావ్‌చవాద్జే వంశం వారి భవనంతో మొదలుపెట్టమంటాను. కవి, సేనాని అయిన అలెగ్జాండర్ చావ్‌చవాద్జే 19వ శతాబ్దం తొలి భాగంలో అక్కడే ఐరోపా పద్ధతిలో వైన్ చేయించి సీసాల్లో నింపించాడు. నేటికీ ర్కాత్సితేలి, మ్‌త్స్వానే కలిపి చేసే తెల్ల వైన్ ఆ ఊరి పేరుతోనే అమ్ముడవుతుంది. తరువాత క్వారేలిలో కొండలోకి తొలిచిన సొరంగం చూడండి. సోవియట్ కాలంలో తవ్విన ఆ సొరంగపు దారులు మొత్తం 7 కిలోమీటర్లకు పైగా ఉంటాయి. ఏ కాలంలో వెళ్లినా లోపల 12 నుంచి 14 డిగ్రీల చల్లదనమే. ఈ రెండూ చూశాక పల్లె ఇంటి బాన దగ్గరకు వెళ్తే పోల్చుకోవడానికి మీ దగ్గర ఒక కొలబద్ద ఉంటుంది.

కాకసస్ బాటసారి (తిబిలిసి)

గాజుపాత్ర గారు చెప్పిన లెక్క సరైనదే, నేను దానిని ముందే చెప్పి ఉండవలసింది. అయితే ఆ చిన్న భాగం ఎందుకు నిలిచిందో కూడా చెప్పాలి. సోవియట్ పాలనలో ఉత్పత్తి పరిమాణమే లక్ష్యం కావడంతో కొద్ది రకాలు మాత్రమే విస్తారంగా సాగయ్యాయి, బాన పద్ధతి కర్మాగారాల్లో కన్నా రైతుల ఇళ్లలోనే ఎక్కువగా బతికింది. 1985లో గోర్బచేవ్ మద్యవ్యతిరేక ఉద్యమం వచ్చి ఎన్నో తోటలు పోయాయి. 2006లో రష్యా జార్జియా వైన్‌పై నిషేధం పెట్టి 2013 దాకా ఎత్తివేయలేదు. అతిపెద్ద అంగడి ఒక్కసారిగా మూతపడడంతో చాలామంది ఇతర దేశాల వైపు చూడవలసి వచ్చింది. అప్పుడు ఆ దేశాల వారిని ఆకర్షించినది మరెక్కడా అంతగా దొరకని ఈ తేనె రంగు వైనే. 2013లోనే యునెస్కో క్వెవ్రి పద్ధతిని మానవాళి అవ్యక్త సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది. రైతు తన ఇంట్లో తాగడానికి చేసుకున్నదే దేశానికి గుర్తింపు తెచ్చింది కనుక, నేను పల్లె ఇంటికే మొదటి ఓటు వేస్తాను.

మట్టిచేయి (రాజమహేంద్రవరం)

మాది కుమ్మరి వృత్తి చేసిన కుటుంబం. నేను వైన్ గురించి అడగడం లేదు, బాన గురించి అడుగుతున్నాను. మనిషి దిగగలిగినంత పెద్ద బానను సారె మీద తిప్పడం అసాధ్యం. అంత పెద్దది ఆవంలో పగలకుండా ఎలా కాలుతుంది? సీసపు పూత లేని మట్టి అయితే ద్రవం ఇంకిపోదా? మా తాతగారి కాలంలో ధాన్యం పాతరలు ఉండేవి, నేలలో గొయ్యి తవ్వి గడ్డి వేసి వడ్లు పోసేవారు. ద్రవాన్ని నేలలో నిలవ చేయడం మాత్రం నేను ఎక్కడా వినలేదు.

కాకసస్ బాటసారి (తిబిలిసి)

మట్టిచేయి గారూ, మీ ప్రశ్న చదివి ఎంతో సంతోషించాను, ఎందుకంటే యాత్రికుల్లో వైన్ అడిగేవారే గానీ బాన చేసే మనిషిని అడిగేవారు అరుదు. కాఖేతిలో వర్దిసుబని, పశ్చిమ జార్జియాలోని ఇమెరేతిలో ష్రోషా, మకతుబని వంటి కొద్ది గ్రామాల్లోనే ఈ పని మిగిలింది. నేను వర్దిసుబనిలో ఒక పూట కూర్చుని చూశాను. మీరన్నట్టు సారె వాడరు. మట్టిని చేతి మందం తాళ్లలా పేని, వరుస మీద వరుస చుడుతూ పైకి కడతారు. రోజుకు జానెడు లోపే లేపుతారు, కింది వరుస బిగిసే దాకా పై వరుస వేయరు. పెద్ద బాన పూర్తికావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. చేసేవారు ఒకే రోజు అన్ని బానల చుట్టూ వరుసగా తిరుగుతూ ఒక్కోదానికి ఒక్కో వరుస పెంచుకుంటూ పోతారు. నెల దాకా నీడన ఆరబెట్టి, ఆవంలో పెట్టి ముఖద్వారాన్ని ఇటుకలతో మూసి, వారం పాటు కట్టెలతో మంటను కొద్దికొద్దిగా పెంచుతూ 1000 డిగ్రీలు దాటిస్తారు. పగిలేవి పగులుతాయి, ఆ నష్టం వారి లెక్కలో ఉండేదే.

ఇంకిపోకుండా ఉండడానికి, బాన ఇంకా వేడిగా ఉండగానే లోపల తేనెమైనం పూస్తారు. కరిగిన మైనం మట్టి రంధ్రాల్లోకి దిగి వాటిని బిగిస్తుంది. ద్రవం మట్టిలోకి చేరకపోవడం ఎంత ముఖ్యమో, మట్టి సందుల్లో సూక్ష్మజీవులు దాగకపోవడం అంతకన్నా ముఖ్యం. బయటి వైపు సున్నం పూసి మెడ దాకా నేలలో పాతుతారు. చుట్టూ ఉన్న మన్ను బానకు దన్నుగా నిలుస్తుంది, లేకపోతే వేల లీటర్ల ద్రవం బరువుకు అది నిలబడలేదు. నేల చల్లదనం వల్ల లోపలి వేడి హెచ్చుతగ్గులు లేకుండా ఉంటుంది.

ఆకారం గుడ్డులా ఉండి అడుగు మొనదేలి ఉంటుంది. పులియడం ముగిశాక గింజలు ముందుగా ఆ మొనలోకి జారతాయి, వాటి మీద మడ్డీ తొక్కలూ దిగుతాయి. గింజల్లోని చేదు వైన్‌లోకి ఎక్కకుండా ఆ పొర కప్పేస్తుంది, పైన తేటగా నిలుస్తుంది. వడకట్టే యంత్రం లేని కాలంలో ఆ పనిని ఆకారమే చేసింది. మూతగా రాతిపలక పెట్టి అంచుల్లో తడిమట్టి మెత్తుతారు, వసంతంలో తెరుస్తారు. ఖాళీ అయిన బానను కడగడానికి చెర్రీ చెట్టు బెరడు పొరలను గుండ్రంగా కుట్టి, పొడవైన కర్రకు కట్టిన కుంచెను వాడతారు. కడిగిన నీరు తాగేంత తేటగా వచ్చే దాకా ఆపకూడదన్నది వారి నియమం.

నల్లరేగడి (హైదరాబాద్)

ఉద్యానశాఖలో పనిచేసి విరమించాను. హైదరాబాదు శివార్లలో ఒకప్పుడు అనాబ్-ఎ-షాహి తోటలు ఎటు చూసినా ఉండేవి, నా చిన్నప్పుడు పందిళ్ల కింద నడిచిన గుర్తు. అవి తినే ద్రాక్షలు. పండు పెద్దది, తొక్క పలచన, నీరెక్కువ. వైన్ ద్రాక్ష అందుకు విరుద్ధంగా చిన్న పండు, మందపు తొక్క, గింజలు, తీపితో పాటు నిలిచే పులుపు ఉన్నదై ఉండాలి. కృష్ణాతీరం గారు తోటలో పండు తిని చూసి, తొక్కను మాత్రం విడిగా నమిలి చూడాలని నా సూచన. వైన్‌లో రాబోయే వగరు అంతా అక్కడే తెలుస్తుంది.

తీగను పెంచే పద్ధతి గురించి ఒక్కమాట. కాఖేతిలో తీగలు మోకాలి ఎత్తు నుంచి తీగెకంచెల మీద వరుసగా ఉంటాయి. పశ్చిమ జార్జియాలోని గురియా, సమెగ్రెలో ప్రాంతాల్లో తీగను చెట్టు మీదికి పాకించే పాత పద్ధతి ఇంకా అక్కడక్కడ ఉంది, దానిని మగ్లరి అంటారు. పాడేరు, అరకు వైపు సిల్వర్ ఓక్ చెట్ల మీదికి మిరియాల తీగ పాకడం చూసినవారికి అది వెంటనే అర్థమవుతుంది. గుత్తి చెట్టు కొన మీద ఉంటుంది, బుట్ట నడుముకు కట్టుకుని ఎక్కి కోయాలి. నల్లసముద్రం తేమకు నేల దగ్గర గుత్తులు కుళ్లిపోతాయి కనుక గాలి తగిలే ఎత్తుకు పంపడం తెలివైన పని. తిబిలిసికి ఉత్తరాన జిఘావురాలో ప్రభుత్వ పరిశోధనా క్షేత్రం ఉంది. జార్జియా రకాలు నాలుగు వందలకు పైగా ఒకేచోట నాటి కాపాడుతున్నారు. ముందుగా అనుమతి తీసుకుని వెళ్లగలిగితే తప్పక వెళ్లండి. 500 రకాలు అన్న మాట కాగితం మీద ఎంత గొప్పగా ఉన్నా, వరుసకొక ఆకు ఆకారం మారుతూ ఉండడం కళ్లతో చూస్తేనే దాని బరువు తెలుస్తుంది.

పాలపిట్ట (కరీంనగర్)

నేను మద్యం తీసుకోను, నాది పూర్తి శాకాహారం. పోయిన సంవత్సరం మావారితో కాఖేతి వెళ్లాను, ఒక్క పూట కూడా ఇబ్బంది పడలేదు. కనుక కృష్ణాతీరం గారి శ్రీమతి గారు నిశ్చింతగా వెళ్లవచ్చు. మట్టి పాత్రలో ఉడికించే లోబియో అనే చిక్కుడుగింజల కూర, అక్రోటు ముద్ద పట్టించిన వంకాయ, ఆకుకూరలను అక్రోటుతో నూరి ఉండలు చేసే ప్ఖాలి, జొన్నరొట్టెను తలపించే మ్చాది అనే మొక్కజొన్న రొట్టె, ఇవన్నీ మన నోటికి సరిపోయేవే. అజికా అనే మిరపకాయ నూరుడు అడిగితే ఇస్తారు, అది ఉంటే రోట్లో నూరిన పచ్చడి లేదన్న లోటు చాలావరకు తీరుతుంది. చిక్కబెట్టిన ద్రాక్షరసంలో అక్రోటు గింజల దండను ముంచి ఎండబెట్టిన చుర్చ్‌ఖేలా నేను రెండు కిలోలు తెచ్చుకున్నాను.

విందు మర్యాద ఒకటి తెలుసుకుని వెళ్లమని చెప్పండి. సుప్రా అనే విందులో తమాదా అనే పెద్దమనిషి ఒక్కో విషయం మీద కొద్దిసేపు మాట్లాడి పాత్ర ఎత్తుతాడు. దేవుడికి, శాంతికి, గతించినవారికి, పిల్లలకు, అలా సాగుతుంది. ఆయన మాట్లాడుతుండగా ఎవరూ తాగకూడదు. ‘అలవెర్ది’ అని ఒకరి పేరు చెబితే ఆ మాటను వారు కొనసాగించాలి. నా పేరు చెప్పినప్పుడు నేను పళ్లరసం పాత్రతోనే లేచి, తెలుగులో మా అమ్మను తలుచుకుని మాట్లాడాను. ఒక్కరికీ భాష అర్థం కాకపోయినా అందరూ లేచి నిలబడి విన్నారు. ఆ రాత్రిని నేను మరచిపోలేను.

గాజుపాత్ర (దుబాయ్)

చాచా సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు కనుక నేను చెబుతాను. వైన్ తీశాక మిగిలిన తొక్కలు, గింజల పిప్పినే అక్కడ చాచా అంటారు, దానిని రాగి బట్టీలో కాచిన సారాకు కూడా అదే పేరు. ఇటలీలో గ్రాపా చేసే పద్ధతీ ఇదే. గోవా ఫెనీని జీడిమామిడి పండుతో, ఆదిలాబాదు అడవుల్లో ఇప్పసారాను పువ్వుతో కాస్తారు. చాచాకు మూలం వైన్ వదిలేసిన శేషం. సీసాల్లో అమ్మేది సాధారణంగా 40 నుంచి 45 శాతం ఉంటుంది, ఇళ్లలో కాచేది 50 శాతం దాటడం మామూలే.

ఇక్కడ కఠినంగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. కాచేటప్పుడు మొదట వచ్చే ధారలో హానికరమైన పదార్థాలు ఎక్కువ పాళ్లలో చేరతాయి, తెలిసినవారు దానిని వేరుచేసి పారబోస్తారు. రహదారి పక్కన నీళ్ల సీసాల్లో అమ్మేదానిని ఎవరు కాచారో, ఆ మొదటి ధార ఏమైందో మనకు తెలియదు. మొదటి ప్రయాణంలో నేను అటువంటి సీసా ఒకటి కొని రెండు రోజులు గదిలో పడి ఉన్నాను. కళ్లెదుట కాచి ఇచ్చిన ఇంటివారిదైనా చిన్న గ్లాసుతో ఆపడం మంచిది. పీపాలో నిలవ చేసిన మద్యం మీద ఆసక్తి ఉంటే జార్జియా బ్రాందీ చూడండి. రసాయనశాస్త్రం చదివి, ఫ్రాన్సులో కోన్యాక్ తయారీ నేర్చుకుని వచ్చిన డేవిడ్ సరాజిష్విలి 1884లో తిబిలిసిలో దానిని మొదలుపెట్టాడు. తోటల మధ్య తిరిగే రోజు తప్పక కారుకు డ్రైవరును మాట్లాడుకోండి, ఆయనకు మాత్రం ఎవరూ పోయకుండా మీరే చూసుకోవాలి, ఎందుకంటే ఇంటివారు ప్రేమతో పోస్తారు.

తిరిగి వచ్చేటప్పుడు మనిషికి రెండు లీటర్ల వరకు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. సీసాలను చేతిసంచిలో కాక, బట్టల మధ్య చుట్టి పెద్ద పెట్టెలో పెట్టండి.

కృష్ణాతీరం (విజయవాడ)

నిన్ననే ఇంటికి చేరాం. సలహా ఇచ్చిన ప్రతి ఒక్కరికీ మా ఇద్దరి తరఫునా కృతజ్ఞతలు. అందరి మాటా పాటించాను. సినందాలి, సొరంగం మొదటి రోజు, పల్లె ఇల్లు రెండో రోజు, మూడో రోజు కాఖేతిలోని అలవెర్ది అనే మఠం. 11వ శతాబ్దపు ఆ ప్రార్థనాలయం పక్కన సన్యాసులు నేటికీ బానల్లో వైన్ చేస్తున్నారు.

ముందుగా తిబిలిసిలోని జాతీయ ప్రదర్శనశాల గురించి చెప్పాలి, ఎందుకంటే నాకు ఈ ప్రయాణం అక్కడే తెరుచుకుంది. తిబిలిసికి దక్షిణాన గదచ్రిలి గోరా, షులవెరి గోరా అనే నవీనశిలాయుగపు దిబ్బల్లో దొరికిన కుండపెంకుల్లో వైన్ ఆనవాళ్లు క్రీ.పూ. 6000 నాటివని 2017లో పురావస్తు రసాయనశాస్త్రవేత్త పాట్రిక్ మెక్‌గవర్న్ బృందం ప్రకటించింది. వారు పట్టుకున్న ముఖ్యమైన గుర్తు టార్టారిక్ ఆమ్లం. ఆ పేరు చూడగానే నేను ఆగిపోయాను. మన చింతపండు పులుపంతా టార్టారిక్ ఆమ్లమే. తరగతిలో ఎన్నోసార్లు చింతపండుతోనే దానిని ఉదాహరించాను. మన దేశంలో దొరికిన కుండలో అది కనిపిస్తే చారు కాచారేమో అని కూడా అనుకోవలసి వస్తుంది. చింతచెట్టు లేని కాకసస్‌లో అంత పాళ్లలో కనిపిస్తే అది ద్రాక్షకే సాక్ష్యం. ఒక అణువుకు ఏ నేల మీద ఏ అర్థం ఉంటుందో ఇంత స్పష్టంగా నాకు ఎప్పుడూ తోచలేదు.

పల్లె ఇల్లు తెలావికి దగ్గర్లోని ఒక ఊళ్లో ఉంది. బానలున్న గదిని మరాని అంటారు. చెప్పులు విడవమని ఎవరూ చెప్పలేదు గానీ, లోపలికి అడుగుపెట్టగానే మా శ్రీమతి తనంతట తానే విడిచింది. అది చూసి ఇంటి పెద్దావిడ ఆమె చేయి పట్టుకుని తీసుకెళ్లింది. నేల మీద ఆరు బాన మూతులు మాత్రమే కనిపిస్తున్నాయి. వారం కిందట నింపిన ర్కాత్సితేలి ఒకదానిలో ఉధృతంగా పులుస్తోంది. తొక్కలన్నీ పైకి తేలి గట్టి అట్టలా కడతాయి. దానిని పొడవైన కర్రతో రోజుకు నాలుగైదు సార్లు లోపలికి తొక్కాలి, లేకపోతే పైభాగం ఎండి సిర్కాగా మారుతుంది. నాకు కర్ర ఇచ్చారు. అట్ట విరిగి లోపలికి దిగేటప్పుడు ఒక్కసారిగా బుస్సుమని నురగ లేచింది. మూతి మీదికి వంగవద్దని ఇంటాయన నన్ను భుజం పట్టి వెనక్కి లాగాడు. కార్బన్ డయాక్సైడ్ అక్కడే పేరుకుంటుందని నేను పిల్లలకు చెప్పిన పాఠమే అయినా, ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదు.

ఈస్టు ఏమీ కలపరా అని అడిగితే, తోటలోంచి పండుతో పాటే వస్తుందని చెప్పారు. లీటరుకు సుమారు 17 గ్రాముల చక్కెర ఒక శాతం మద్యంగా మారుతుందన్న లెక్కతో, ఆ రోజు కోసిన ద్రాక్షరసం తీపి చూసి 13 శాతం రావచ్చని అంచనా వేశాను. ఆయన వేలు ముంచి నాలుకకు రాసుకుని వేళ్లతో పదమూడు లెక్క చూపించాడు. గత సంవత్సరపు ర్కాత్సితేలి, సపెరవి పక్కపక్కన పోశారు. బాటసారి గారు చెప్పిన వగరు నాకు మొదటి గుటకలో నచ్చలేదు. లోబియోతో, అక్రోటు వంకాయతో కలిపి తాగినప్పుడు మాత్రం ఆ వగరు లేకపోతే ఆ భోజనం అసంపూర్ణమవుతుందని అనిపించింది. గాజుపాత్ర గారు మొదట కొలబద్ద ఉండాలన్నది కూడా నిజమైంది, ముందురోజు తాగిన తొట్టె వైన్ జ్ఞాపకం లేకపోతే నాకు ఈ తేడా పట్టుబడేది కాదు.

నల్లరేగడి గారూ, తొక్క నమిలి చూశాను. సపెరవి రంగు నా వేలి గోళ్ల కింద నాలుగు రోజులు ఉంది. జిఘావురాకు వెళ్లే వీలు చిక్కలేదు, అమ్మాయి చదువు పూర్తయ్యేలోగా మళ్లీ వెళ్లినప్పుడు అదే మొదటి పని.

మట్టిచేయి (రాజమహేంద్రవరం)

చదువుతుంటే నేనూ ఆ గదిలో ఉన్నట్టే అనిపించింది. బాన మూతి కొలత, అంచు మందం గమనించారా? మట్టిలో ఇసుక పాలు ఏమైనా చెప్పారా?

కృష్ణాతీరం (విజయవాడ)

మీ కోసమే కొలిచాను. నేను కర్ర పట్టిన బాన మూతి నా జానతో రెండు జానలకు కొంచెం ఎక్కువ, అంచు మందం మూడు వేళ్లు. లోతు అడిగితే ఇంటాయన తల మీద చేయి పెట్టి, ఆ పైన ఇంకొక మూర చూపించాడు. మట్టి సంగతి ఆయనకు తెలియదు, అది తన తాత కొన్న బాన అని చెప్పాడు. లోపల పగులు ఉందా అని అడిగితే ఒకటి ఉందనీ, సున్నంతో మూశామనీ, ప్రతి ఏడాది కడిగేటప్పుడు ముందుగా ఆ చోటే తడిమి చూస్తామనీ అన్నాడు. ఫొటోలు రేపు ఇక్కడే పెడతాను.